ఎనభై ఎనిమిదో మూర

మూడో మూర

రోజుకు నాలుగు వాక్యాలు రాయాలట. పీచుశాల నడిపే అప్పాయమ్మ చెప్పింది. ఇక్కడ చేరినవాళ్ళందరూ రాస్తారట, ఎవరిదీ తను చదవదట. చదవదంటే నేను నమ్మను. కానీ కాగితాలు చేతిలో పెట్టింది కాబట్టి రాస్తున్నాను.

ఈరోజుతో మా తాడు మూడు మూరలైంది. మా తాడంటే నాదీ, ముత్యాలరావుదీ. తాగుడు మానడానికి వచ్చినవాళ్ళని ఇక్కడ ఇద్దరిద్దరుగా జతకడతారు. పొద్దున్నే జతగాళ్ళు ఎదురెదురుగా కూర్చుని కొబ్బరిపీచుతో ఒక మూర తాడు పేనాలి. ఒక పురి వాడిది, ఒక పురి నాది. వంద మూరలు పూర్తయితే మళ్ళీ సముద్రపు లాకు తలుపులు నడిపే సీటు ఎక్కే అర్హత వస్తుంది. మధ్యలో ఇద్దరిలో ఏ ఒక్కడు చుక్క వేసుకున్నా తాడంతా విప్పి పీచు చేసేస్తారు, ఇద్దరూ మొదటి మూర నుంచి మొదలుపెట్టాలి.

మా మణికట్లకు చెరో పట్టీ కట్టారు. ఒకడి ఒంట్లో సారా కనిపిస్తే చాలు, రెండు పట్టీలూ ఒకేసారి ఎర్రబడతాయి. ఎవరి వల్ల ఎర్రబడ్డాయో మాత్రం చెప్పవు.

"అది చెప్పడం పట్టీ పని కాదు కామేశం, మనిషి పని" అంది అప్పాయమ్మ.

మర్నాడు పొద్దున్న తాగినవాడు అందరి ముందూ లేచి నేనే అని చెప్పాలి. చెప్పినవాడికి ఏడాదిపాటు సీటు లేదు. రెండోవాడు మళ్ళీ వంద మూరలు పేనుకుని ఎక్కొచ్చు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ ఏడాది.

నాలుగు వాక్యాలు ఎప్పుడో దాటిపోయాయి. ముత్యాలరావు పురి సన్నగా, నున్నగా వస్తుంది. నాది ఉండలు ఉండలుగా వస్తుంది. మూడు రోజులకే అప్పాయమ్మ వాడి పురి పట్టుకుని చూసి "ఆహా" అంది. నాది పట్టుకుని చూసి ఏమీ అనలేదు.


ఏడో మూర

సీటు సంగతి తెలియనివాళ్ళు, కూర్చుని చేసే ఉద్యోగమే కదా అంటారు. చెప్పులు విప్పి, రెండు రాగిరేకుల మీద అరచేతులు ఆనించి కూర్చున్నామంటే ఏడో లాకుకున్న పద్నాలుగు తలుపులూ ఒంట్లోకి వచ్చేస్తాయి. గోడకు అవతల సముద్రం, ఇవతల మన వరిచేలు. పోటు లేస్తుంటే ముందు మోకాళ్ళలో తెలుస్తుంది. దాన్ని భుజాలతో ఆపుతాం. ఎనిమిది గంటలు అలా తోసి దిగాక, సీటును మనం వదిలినా సముద్రం మనల్ని వదలదు. అన్నానికి కూర్చుంటే కంచం ఊగుతుంది. పడుకుంటే మంచం ఊగుతుంది. నాచుసారా రెండు గ్లాసులు పడితే అన్నీ ఎక్కడివక్కడ నిలబడతాయి.

అందుకే తాగాను. కిందటి వేసవిలో ఒకరోజు డ్యూటీకి ముందే తాగి ఎక్కాను. మూడో తలుపు నాలుగు నిమిషాలు ఆలస్యంగా మూసుకుంది. లోపలికొచ్చిన ఉప్పునీళ్ళు నా బావమరిది నారుమళ్ళలోకే పోయాయి. రెండు రోజుల్లో నారంతా తెల్లబడిపోయింది. నా భార్య హైమవతి ఆ మడిగట్టు మీద నిలబడి చూసింది. ఇంటికొచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు. అప్పట్నుంచీ నా దగ్గర నవ్వలేదు కూడా.

ఇప్పుడు రోజూ రెండు గంటలు శిక్షణ సీటు మీద కూర్చోబెడుతున్నారు, చేతి అలవాటు పోకుండా. దిగాక మళ్ళీ ఊగుడు. మళ్ళీ దాహం.

దాహానికి అప్పాయమ్మ మందు గడియగిన్నె. అడుగున సూదిబెజ్జం ఉన్న రాగిగిన్నె అది. తాగాలనిపించగానే బక్కెట్ నీళ్ళ మీద దాన్ని వదలాలి. మునగడానికి సరిగ్గా గడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. అది మునిగేదాకా తాగుదామనీ అనుకోకూడదు, మానుదామనీ అనుకోకూడదు. పీచు కొట్టాలి, నడవాలి, బురదలో నిలబడాలి, లేకపోతే ఒంట్లో ఏముందో ఎవరికైనా పైకి చెప్పాలి. మునిగాక కూడా దాహం ఉంటే మళ్ళీ తేల్చాలి.

"ఎంత పోటైనా తియ్యకుండా ఉండదు కదరా. నీదీ తీస్తది. గిన్నె మునిగేదాకా దాని జోలికెళ్ళకు, అంతే" అంది. అప్పాయమ్మకి అరవై దాటాయి. ఒకప్పుడు ఆవిడ రెండో లాకు సీటు మీద చేసిందట, సీసాడు తాగేదట.


పన్నెండో మూర

ఈరోజు గిన్నె నాలుగుసార్లు తేల్చాను. ముత్యాలరావు ఒక్కసారే తేల్చాడు. వాడి గిన్నె ఆరబెట్టి గూట్లో పెట్టేశారు. నాది బక్కెట్లోనే ఉంటోంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. మా ఇంట్లో, మంచం కింద, నా పాత గమ్‌బూటులో ఒక సీసా ఉంది. మానేసే ముందు రోజు దాచాను. తాగడానికి కాదు. ఉందని తెలిస్తే ధైర్యంగా ఉంటుందని. అప్పాయమ్మా, నువ్వు నిజంగా ఇవి చదవకపోతే దీని గురించి నన్ను అడగవు.


పదమూడో మూర

అడగలేదు. చదవదన్నమాట. లేకపోతే చదివి కూడా అడగడం లేదు.


ఇరవయ్యో మూర

ముత్యాలరావు ఈదుతాడు. శిక్షణ సీటు దిగగానే చొక్కా తీసేసి లాకు ముందున్న మడుగులో దూకుతాడు, ఒంట్లో ఉన్న సముద్రాన్ని నీళ్ళలోనే వదిలేసి వస్తాడట. అలా అని వాడే చెప్పాడు. పైగా ఈదుతూ పాడతాడు. నాచు ఆరబెట్టే ఆడవాళ్ళంతా పని ఆపి గోడ మీదికొచ్చి వింటారు. వాళ్ళలో హైమవతి కూడా ఉంటుంది, అది ఆవిడ పని చేసే చోటే కాబట్టి తప్పేం లేదు. తప్పేం లేదని నేను రోజూ అనుకుంటున్నాను.

వాడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. నాకు నలభై ఆరు. ఎనిమిదేళ్ళ కిందట నేనూ ఈదేవాణ్ణి. అప్పుడు ఎవరూ గోడ ఎక్కి చూడలేదు.


ముప్ఫై మూడో మూర

ఈరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర జరిగింది రాస్తాను. నా క్యారేజీ తెరిస్తే బీరకాయ పప్పు, మజ్జిగ మిరపకాయ. పక్కన ముత్యాలరావు చేతిలో మా ఇంటి గిన్నె! మూత మీద సొట్ట చూసి పోల్చుకున్నాను. అందులో చింతచిగురు రొయ్యలు.

"వదిన పంపారండి. ఒంటరోణ్ణి కదా, రోజూ క్యాంటీన్ తిండి ఏం తింటావు అన్నారు. బాబోయ్, వేళ్ళు నాక్కుంటున్నానన్నయ్యా" అన్నాడు. ఒకటి నా కంచంలో వేయబోయాడు. వద్దన్నాను.

ఇంటికెళ్ళి అడిగాను. "రొయ్యలు దొరికాయా?"

"కొన్ని దొరికాయండి."

"మరి నాకు?"

"మీకు బీరకాయ ఇష్టం కదా" అంది హైమవతి, బట్టలు మడతపెడుతూ.

నాకు బీరకాయ ఇష్టమని ఇరవై రెండేళ్ళలో నేనెప్పుడూ అనలేదు.


నలభై ఒకటో మూర

ఒప్పుకోవాలి. పీచు కొట్టడం పని చేస్తోంది. నిన్న శిక్షణ దిగాక కాళ్ళు మరీ ఊగిపోతుంటే గిన్నె తేల్చి, పీచు కొట్టే కొడతి తీసుకుని నానిన పీచు మీద పడ్డాను. చేతులు మండాయి. చెమట కళ్ళలోకి దిగింది. తలెత్తి చూస్తే గిన్నె ఎప్పుడు మునిగిందో తెలియదు, బక్కెట్ అడుగున ఉంది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే కంచం కదల్లేదు. ఒక్క చుక్క పడకుండా కంచం కదలకపోవడం ఎన్నేళ్ళకి!

ఈ మాట పొద్దున్నే అప్పాయమ్మకి చెబుదామని పరుగున వెళ్ళాను. పీచుశాల అంతా హడావుడి. ముత్యాలరావు ఆరో లాకు దాకా ఈది వెనక్కి వచ్చాడట. ఎవడో వాడి మెడలో తువ్వాలు వేశాడు, ఎవడో టీ తెచ్చాడు. నేను నా చోట కూర్చుని పురి పెట్టాను. ఈరోజు నా పురి నున్నగా వచ్చింది. ఎవరూ చూడలేదు.


యాభై ఆరో మూర

అప్పాయమ్మ పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "ఒంట్లో ఏముందిరా ఇవాళ?"

"అల" అన్నాను.

"ఇంకా?"

"ఇంకేం లేదు. అలే."

"శిక్షణ సీటు మీద రెండు గంటలేగా కూర్చుంటున్నావు. ముత్యాలూ అంతే కూర్చుంటున్నాడు. వాడికి దిగిపోయిన అల నీకెందుకు దిగట్లేదు?"

ఈవిడ కూడా వాణ్ణే ఉదాహరణ చెప్పాలా! మొహం వేడెక్కిపోయింది. "నాకు ముందునుంచీ ఎక్కువే ఎక్కుతుంది" అన్నాను. "సరే. తెలిసినప్పుడు చెప్పు" అని అప్పాయమ్మ లేచింది.

నాకు తెలుసు. చెప్పుకునేది కాదు కాబట్టి చెప్పలేదు. పెళ్ళాం కూర ఇంకొకడికి పెట్టిందని ఒక మగాడు నలభై ఆరేళ్ళ వయసులో ఎవరితో చెప్పుకుంటాడు? వాడి పురి నా పురి కంటే సన్నగా వస్తోందని గడియగిన్నె తేల్చమంటారా?


డెబ్బయ్యో మూర

వీడికిది రెండోసారట! నాలుగో లాకులో పనిచేసేటప్పుడు ఒకసారి వంద మూరలూ పేనాడట. గంగరాజు అనే ఆయన జతగాడట. పొద్దున్న ఎవరో అంటుంటే విన్నాను, సంతోషం పట్టలేకపోయాను. పురి పెడుతూ అడిగాను.

"ఒకసారి పూర్తిచేసినోడివి మళ్ళీ ఎందుకొచ్చావు ముత్యాలూ?"

వాడి చెయ్యి ఆగింది. ఆ ఒక్క చోట వాడి పురిలో ఉండ పడింది. "వచ్చేశానన్నయ్యా, అంతే" అని నవ్వేశాడు. ఆ నవ్వు బాగాలేదు. నాకు మాత్రం ఈరోజు అన్నం సయించింది.

రెండోసారి వచ్చినవాడికి ఇంత మర్యాద ఏమిటో నాకు అర్థం కాదు. మొదటిసారి వచ్చినవాణ్ణి నేను.


ఎనభై నాలుగో మూర

పెద్ద ఇంజినీరు పీచుశాలకి వచ్చాడు. ఏడో లాకులో ఒక్క సీటే ఖాళీ ఉందట, కార్తీక పున్నమి పోటుకి మనిషి కావాలట. అప్పటికి మా తాడు వంద దాటుతుంది. ఇద్దరిలో ఒకరికే సీటు. రెండోవాడు ఇంకోచోట ఖాళీ అయ్యేదాకా ఆగాలి.

"ముత్యాలరావుకిద్దాం అనుకుంటున్నాం. కామేశం గారు సీనియరే, కాదన్ను. కానీ ఇతను కాస్త నిలకడగా ఉన్నాడు" అన్నాడు.

అది నా సీటు. పదిహేడేళ్ళు నేను కూర్చున్న సీటు. ఆ రాగిరేకుల మీద నా అరచేతుల అచ్చు ఉంది. నేను తల ఊపి "మంచిదండి" అన్నాను. ముత్యాలరావు నా వైపు చూసి ఏదో అనబోయాడు. నేను బయటికి వచ్చేశాను. గిన్నె మూడుసార్లు తేల్చాను.

ఇప్పుడిక దాచడం దేనికి, రాసేస్తాను. వాడు మడుగులో మునిగిపోతే బాగుండునని అనుకున్నాను. వాడు ఎంత బాగా ఈదుతాడో గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.


ఎనభై ఎనిమిదో మూర, సాయంత్రం

ఇది కూడా రాస్తాను.

పొద్దున్న ఎనభై ఎనిమిదో మూర పేనాం. పదకొండింటికి క్యారేజీ మరిచిపోయానని ఇంటికి బయల్దేరాను. నాచు ఆరబెట్టే బల్లల దగ్గర హైమవతి, ముత్యాలరావు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాడు ఏదో అన్నాడు. హైమవతి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నారుమడి పోయిన తర్వాత ఆ నవ్వు నేను వినలేదు. పెళ్ళైన కొత్తలో దాన్ని వినడానికి నేను కోతివేషాలు వేసేవాణ్ణి.

ఇంటికి వెళ్ళాను. దాహం లేదు. ఇది ముఖ్యం కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, అప్పుడు నాకు దాహం లేదు. కాళ్ళు ఊగడం లేదు. ఒక ఆలోచన మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. నేను తాగితే వాడి తాడు కూడా పోతుంది. పున్నమి పోటుకి వాడికి సీటు ఉండదు.

అలవాటు కొద్దీ, వెంట తెచ్చుకున్న గిన్నె బక్కెట్లో తేల్చాను. మంచం కింద నుంచి గమ్‌బూటు లాగి, సీసా తీసి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. గిన్నెలోకి నీళ్ళు సన్నగా ఎక్కుతున్నాయి. పావు వంతు నిండింది. ఇంకాసేపు ఆగితే ఈ కోపం తగ్గిపోతుందని నాకు తెలుసు. ఎనభై ఎనిమిది రోజులుగా నేర్చుకున్నది అదే కదా. తగ్గిపోతుందని భయం వేసింది. తగ్గకముందే పని అయిపోవాలి.

గిన్నె అంచు మీద చూపుడువేలు పెట్టి నొక్కాను. బుడుంగున మునిగింది.

"మునిగింది" అని పైకి అన్నాను, ఎవరో సాక్షి ఉన్నట్టు. ఒక గుక్క తాగాను. సముద్రపు నాచు కుళ్ళిన వాసన. రెండో గుక్క నోట్లో ఉండగానే పట్టీ ఎర్రబడింది. పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాను.

పావుగంటలో ముత్యాలరావు వచ్చాడు. శిక్షణ సీటు మీద ఉండగా, ఇంజినీరు ఎదుట, వాడి పట్టీ ఎర్రబడిందట. తడికాళ్ళతో గుమ్మంలో నిలబడి సీసా చూశాడు, బక్కెట్ చూశాడు, నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. "రేపు నేను లేస్తానన్నయ్యా" అన్నాడు.

"ఏంటి?"

"నేనే తాగానంటాను. మీకు ఇల్లుంది, వదిన ఉన్నారు. ఇది కూడా పోతే వదిన తట్టుకోలేరు. నాకెవరున్నారు చెప్పండి? ఏడాదేగా, ఈదుకుంటా ఉంటాను."

"నీకేం పట్టింది?"

"అదంతా మీకెందుకండి. మీరు నోరు తెరవకండి, చాలు" అని లేచి వెళ్ళిపోయాడు.

అంటే వాడికి ఏడాది సీటు ఉండదు. నేను మళ్ళీ వంద మూరలు పేనుకుని నా సీటు ఎక్కుతాను. నేను కోరుకున్నదంతా కోరుకున్నట్టే అవుతుంది. హైమవతి పనినుంచి వచ్చి నా పట్టీ చూసింది. ఎవరని అడగలేదు. బక్కెట్లోంచి గిన్నె తీసి, తుడిచి, కిటికీలో పెట్టింది.


లెక్కలేని రోజు

పీచుశాల నిండిపోయింది. ఇరవై మంది జతగాళ్ళు, ఇంజినీరు, గుమ్మం దగ్గర నాచు ఆడవాళ్ళు. మా ఎనభై ఎనిమిది మూరల తాడు చుట్టచుట్టి మధ్యలో పెట్టారు. అప్పాయమ్మ లేచి, "రెండు పట్టీలు ఎర్రగా ఉన్నాయి. ఎవరు?" అంది.

నేను నేల చూస్తూ కూర్చున్నాను. నోరు తెరవకూడదని నిర్ణయం అయిపోయింది. ముత్యాలరావు లేచాడు.

"నేనేనండి."

ఒక్కసారి అందరూ అయ్యో అన్నారు. వెనక నుంచి ఎవరో "ఎంత మంచోడో పాపం" అన్నారు. ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "నిజం ఒప్పుకోవడానికి ఎంత గుండె ఉండాలయ్యా" అన్నాడు. అప్పాయమ్మ ముత్యాలరావు తల మీద చెయ్యి వేసింది. నాచు ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటున్నారు. గుమ్మంలో హైమవతి వాడి వైపే చూస్తోంది.

ఈదినా వీడే గొప్ప. పాడినా వీడే గొప్ప. చివరికి తాగినందుకు కూడా దణ్ణాలు వీడికేనా? ఆ గుక్క తాగింది నేను! ఆ నాచుకంపు నా నోట్లో ఇంకా ఉంది. ఇన్ని రోజుల్లో ఇక్కడ నేనంటూ సొంతంగా చేసిన పని అదొక్కటే. దాన్ని కూడా వీడు పట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా?

"కూర్చోవయ్యా!" అని అరిచాను. "నువ్వెక్కడ తాగావు? తాగింది నేను!"

ముత్యాలరావు నా వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఊరుకోండి."

"ఊరుకోను. నా మంచం కింద, నా గమ్‌బూటులో, నా సీసా. ఒక గుక్క మింగాను, రెండోది ఉమ్మేశాను. ఇతను పచ్చి అబద్ధం చెబుతున్నాడు."

నేను నిలబడి ఉన్నానని నాకు అప్పుడు తెలిసింది. అప్పాయమ్మ మెల్లిగా నా దగ్గరికి వచ్చింది.

"అప్పుడు ఒంట్లో ఏముందిరా?"

అల అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎన్నిసార్లు చెప్పానో ఆ మాట.

"అల కాదు" అన్నాను. "కుళ్ళు. ఇతన్ని చూస్తే కుళ్ళు. ఇతని పురి, ఇతని ఈత, మా ఇంటి రొయ్యల కూర. నా సీటు ఇతనికి ఇచ్చారు. నిన్న మా ఆవిడ ఇతను చెప్పిన మాటకి నవ్వింది. నేను తాగితే ఇతని తాడు పోతుందని తాగాను. గిన్నె మునగనివ్వలేదు. వేలితో నొక్కాను."

ఎవడో కిసుక్కున నవ్వాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు. అప్పాయమ్మ నా చూపుడువేలు పట్టుకుని చూసింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ గిన్నె తేల్పిస్తన్నాను. దాన్ని నొక్కినోళ్ళు చాలామందేరా. నొక్కానని చెప్పినోడివి నువ్వే" అంది.

తర్వాత జరగవలసింది జరిగింది. నాకు ఏడాది సీటు లేదు. తాడు విప్పడం మొదలుపెట్టారు.

ఇంటికి వెళ్తే హైమవతి గుమ్మంలో కూర్చుని ఉంది. "మీకు కుళ్ళని నాకెప్పుడో తెలుసండి. మీకే తెలీదనుకున్నాను" అంది.

"తెలిసీ రొయ్యలు అతనికి పంపావా?"

"మీకు పెడితే ఏమనేవారు? ఉప్పెక్కువైందనేవారు. ఇరవై రెండేళ్ళలో బాగుందని ఒక్కసారి అన్నారా? ఆయన అన్నాడు. ఆ మాట వినడానికి పంపానండి. నాకుండదా?"

గుమ్మంలో ఆవిడ పక్కనే కూర్చున్నాను. అప్పుడు అడిగాను, "నిన్న ఏం చెప్పాడని అంత నవ్వావు?"

"మీ గురించే. పొద్దున్నే మీ పురి ఆయన పురికంటే నున్నగా ఉందో లేదోనని, ఎవరూ చూడనప్పుడు వేళ్ళతో తడిమి చూసుకుంటారంట కదా" అంది. పెదవి చివర కాస్త కదిలింది. నవ్వని అనలేను కానీ కదిలింది.


మొదటి మూర

నా జతగాణ్ణి మార్చండి అని అడిగే హక్కు ముత్యాలరావుకి ఉంది. పొద్దున్న పీచుశాలకి వెళ్ళేసరికి నా ఎదురు చోటు ఖాళీగా ఉంటుందనుకున్నాను. కూర్చుని ఉన్నాడు. పాత తాడు విప్పగా వచ్చిన పీచు పక్కనే కుప్పగా ఉంది. మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

చెరో పురీ పెట్టడం మొదలుపెట్టాం. జానెడు అయింది.

"నా మాట నాకు దక్కనివ్వలేదు మీరు" అన్నాడు.

"ఏం మాట?"

"నాలుగో లాకులో తొంభయ్యో మూర దగ్గర నేను తాగానండి. గంగరాజు బాబాయ్ లేచి, తాగింది తనే అన్నాడు. నాకు పెళ్ళి కుదిరి ఉందప్పుడు. నేను కూర్చున్నాను, మీలాగే నేల చూసుకుంటా. నోరు లెగలేదు. మళ్ళీ వంద పేనాను, సీటెక్కాను, ఆ సీటు మీద ఒక్కరోజు కుదురుగా లేను. పెళ్ళీ నిలబళ్ళేదు. బాబాయ్ ఆ ఏడాది ఎవరికీ చెప్పకుండా లాకు వదిలేసి పోయాడు." పురి మెలిపెడుతూనే ఉన్నాడు. "మీకోసం లేస్తే ఆ బరువు తీరిపోద్దనుకున్నాను. మీరేమో లేచి నిలబడ్డారు."

"నేను మంచితనంతో లేవలేదు ముత్యాలూ."

"తెలుసండి. అందరూ విన్నారు కదా." ఒక క్షణం ఆగాడు. "ఎందుకు లేచినా లేచారు. నేను లేవలేకపోయాను. మిమ్మల్ని చూసి కుళ్ళుకున్నానన్నయ్యా. రాత్రంతా కుళ్ళుకున్నాను."

నా చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు."

"ఏంటి?"

"ఆ మాటే. మళ్ళీ ఒకసారి చెప్పు."

వాడు నా మొహం చూసి ముందు తిట్టబోయాడు. తర్వాత ఆ గంటు మొహంలోంచే నవ్వొచ్చింది. "మిమ్మల్ని చూసి కుళ్ళుకున్నానండి బాబూ" అన్నాడు, పీచుశాల అంతా వినబడేలా. నాకు ఎంత హాయిగా అనిపించిందో రాస్తే సిగ్గుచేటు. రాశాను.

మూర పూర్తయ్యాక వాడు లేచి అప్పాయమ్మ దగ్గరికి వెళ్ళాడు. నాలుగో లాకు సంగతి చెప్పడానికి. ఆవిడ గది తలుపు ముందు నిలబడి పట్టీ సవరించుకున్నాడు, చొక్కా సవరించుకున్నాడు, వెనక్కి వచ్చేశాడు.

"గొంతెండిపోతోందన్నయ్యా. ఒక్క గుక్క పడితే చెప్పేద్దును" అన్నాడు. మొహం పాలిపోయింది. వాణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు.

గూట్లోంచి వాడి గిన్నె తీశాను. బక్కెట్ నీళ్ళ మీద వదిలాను. కొడతి ఒకటి వాడికిచ్చి, ఒకటి నేను తీసుకున్నాను. పక్కపక్కన కూర్చుని పీచు కొట్టాం. మధ్యలో రెండుసార్లు వాడి చూపు గిన్నె మీదికి పోయింది, రెండుసార్లు నా చూపు కూడా పోయింది. సగం నిండింది. ముప్పావు నిండింది. నేను నా వేళ్ళు కొడతి మీదే ఉంచాను.

గిన్నె దానంతటదే మునిగింది. వాడు లేచి తలుపు తట్టాడు.